ఎనభై పాదాలూ చదువుదాం

తాండూరులో తెల్లారేసరికే రాయి కోత మొదలవుతుంది. మార్చి తొలివారం. చలి వెళ్లిపోయింది, ఎండ ఇంకా ముదరలేదు. స్టేషన్ వైపు నడుస్తుంటే మీ కాళ్ల కింద బండలు, ఇళ్ల అరుగులకు బండలు, మోరీల మీది మూతలూ బండలే. ఈ ఊరి చుట్టుపక్కల నేల తవ్వితే పొరలు పొరలుగా సున్నపురాయి తేలుతుంది. నీలంగా, పసుపుగా వచ్చే ఆ పొరల్ని పలకలుగా కోసి, నీళ్లు పోస్తూ నున్నగా అరగదీసి లారీలకెత్తుతారు. పాలిష్ యూనిట్ల దగ్గర చెట్ల ఆకుల మీద రాతిపిండి తెల్లగా పేరుకుని ఉంటుంది. మనకు కొంచెం ముందు గబగబా నడుస్తున్న అమ్మాయి నల్లసంచి అడుగున కూడా అదే తెలుపు.

ఆమె వెనకే వెళ్దాం. బీఏ రెండో సంవత్సరం చదువుతోంది. చరిత్ర, రాజనీతిశాస్త్రం, మూడోది ఇంగ్లిష్ సాహిత్యం. తాండూరులోనూ డిగ్రీ కాలేజీలున్నాయి. డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ వేదిక దోస్త్‌లో ఆప్షన్లు పెట్టుకున్నప్పుడు ఈ గ్రూపు ఆమెకు వికారాబాద్‌లో వచ్చింది. నలభై కిలోమీటర్ల దూరం. అందుకే ఈ పరుగు.

వాడి జంక్షన్ వైపు నుంచి బండి వచ్చి ఆగుతుంది. జనరల్ పెట్టెలో నిలబడే చోటు దొరికితే అదే చాలు. ‘అక్కా, జర జరుగవా’ అని ఆమె సీటు అంచున ఇరుక్కుంది. మీరు తలుపు దగ్గర కమ్మీ పట్టుకోండి. ఈ పట్టాలు 1874లో పడ్డవి. బొంబాయి, మద్రాసు పెద్దలైను మీదున్న వాడి నుంచి హైదరాబాద్‌కు, నిజాం సొమ్ముతో వేసిన తొలి రైలుదారి ఇది. నూటయాభై ఏళ్లుగా కచేరీ పనులకూ, దవాఖానాలకూ, కొలువులకూ, చదువులకూ జనం ఈ దారినే నగరం వైపు వెళ్తున్నారు.

ఒక్కసారి చెవిపెట్టి వినండి. కిటికీ పక్క పెద్దాయన ఫోన్లో కన్నడం మాట్లాడుతున్నాడు. ఎదుటి సీట్లో ఇద్దరు ఆడవాళ్లది లంబాడీ. తలుపు దగ్గరి కుర్రాళ్లది దక్కనీ ఉర్దూ. చాయ్ అమ్మే అతను ఎవరి భాషలో వాళ్లకు చిల్లర లెక్క చెప్పి ముందుకు పోతున్నాడు. మన అమ్మాయిది తండా. ఇంట్లో లంబాడీ, బజార్లో తెలుగు, పక్కన కూచున్న స్నేహితురాలితో సగం ఉర్దూ కలిసిన తెలుగు. పొద్దున నాష్టా తినేలోపు మూడు భాషలు మార్చే ఇలాంటి పిల్లల్ని ‘లాంగ్వేజ్‌లో వీక్’ అనడం స్టాఫ్‌రూముల్లో మామూలు. నేను ఒప్పుకోను. భాషలు పట్టుకోవడంలో వీళ్లకున్న చురుకు నగరంలో ఒక్క భాషతో పెరిగిన పిల్లలకు ఉండదు.

మరి వీళ్లకు లేనిదేమిటి? ఆమె ఒళ్లో తెరిచిపెట్టుకున్నదాన్ని చూడండి, తెలుస్తుంది. అది గైడు. పల్చటి కాగితం, మసకగా పడ్డ అక్షరాలు. కవి పరిచయం అరపేజీ, సారాంశం పేజీన్నర, ఆపైన పెద్ద ప్రశ్న, దానికి జవాబు, చిన్న ప్రశ్నలు, వాటికి జవాబులు. జాన్ కీట్స్ 1819లో రాసిన ‘ఓడ్ టు ఎ నైటింగేల్’ పాఠం అది. పేజీలు ముందుకూ వెనక్కూ తిప్పి చూడండి. కవిత మాత్రం కనపడదు. ఆమె పెదవులు కదులుతున్నాయి, కళ్లు మూతపడుతున్నాయి, మళ్లీ తెరుచుకుంటున్నాయి. తాను చూడని కవితకు ఎవరో రాసిపెట్టిన సారాంశాన్ని బట్టీ పడుతోంది.

రుక్మాపూర్ దాటాక నేల రంగు మారుతుంది. తాండూరు నల్లరేగడి, కోత అయిపోయిన కందిచేల మోళ్లు వెనక్కి పోతాయి. ధారూరు దగ్గరికొచ్చేసరికి ఎర్రమన్ను, గుట్టలు, ఎర్రగా పూసిన మోదుగులు. ఇక్కడే ప్రతి నవంబరులో మెథడిస్టు క్రైస్తవుల జాతర జరుగుతుంది. బండ్లు కట్టుకుని, గుడారాలు వేసుకుని ఊళ్లకు ఊళ్లే వస్తాయి. ఇక్కడ మరికొందరు విద్యార్థులు ఎక్కారు. ఒకబ్బాయి మన అమ్మాయిని చూసి తల ఊపి, నిలబడే నిద్రపోయాడు. అతన్ని గుర్తుపెట్టుకోండి. ఇవాళ క్లాసులో అతనితో మనకు పని పడుతుంది.

వికారాబాద్ జంక్షన్‌లో దిగాం. పైగా వంశపు నవాబు వికార్-ఉల్-ఉమ్రా పేరు మీద వెలసిన ఊరు. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైంది. అనంతగిరి కొండ మీది అనంత పద్మనాభస్వామి పేరే ఊళ్లోని పాత డిగ్రీ కాలేజీకి పెట్టారు. మనం కూర్చోబోయే గది ఏ కాలేజీదో పక్కన పెడదాం. ఈ జిల్లాలో బీఏ ఇంగ్లిష్ ఉన్న ఏ చిన్న కాలేజీకి వెళ్లినా గది ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

నేల మీద తాండూరు బండలే. గోడకు ఆకుపచ్చ బోర్డు, సగం తిరిగే ఫ్యాను, ముందు బెంచీల్లో ఆడపిల్లలు, వెనక మగపిల్లలు. రిజిస్టర్లో ఉన్నంతమంది గదిలో లేరు. స్కాలర్‌షిప్ రావాలంటే 75 శాతం హాజరు ఉండాలి కాబట్టి కొందరొచ్చారు, బస్సు దొరకక కొందరు రాలేదు. ఉన్నవాళ్లు పదిమందికి అటూ ఇటూ. వెనక బెంచీలో ఒకతను రాత్రంతా పాలిష్ యూనిట్‌లో పనిచేసి వచ్చాడు. గోళ్ల సందుల్లో తెల్లటి పిండి ఇంకా పోలేదు.

ఇంగ్లిష్ ఎందుకు తీసుకున్నావని ఎవరినడిగినా ఒకటే జవాబు: టీచర్ పోస్టు. స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్ ఉద్యోగానికి డిగ్రీలో ఇంగ్లిష్ ఒక ఆప్షనల్‌గా చదివి ఉండాలి, తర్వాత బీఈడీలో ఇంగ్లిష్ మెథడాలజీ ఉండాలి. వాళ్ల లెక్క సరైన లెక్కే. 2022-23 నుంచి తెలంగాణలో సర్కారు బళ్లలో ఇంగ్లిష్ మీడియం మొదలైంది. తండాల్లో, ఊళ్లలో ఆ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పేదెవరు? ఇలాంటి గదుల్లోంచి వెళ్లినవాళ్లే. నాకు ఈ గది మీద ఇంత పట్టింపు ఉండడానికి కారణం అది. గైడు తప్ప ఇంకేమీ చదవకుండా ఈ అమ్మాయి డిగ్రీ పట్టా తీసుకుంటే, రేపు ఆమె ముందు కూర్చునే నలభైమంది పిల్లలకూ కవిత అంటే సారాంశమే అవుతుంది.

ఈ నేల మీద చదువు భాష ఊరికే మారలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైనప్పుడు చదువంతా ఉర్దూలో. ఇంగ్లిష్ మాత్రం ప్రతి విద్యార్థికీ తప్పనిసరి సబ్జెక్టు. పూర్తి ఇంగ్లిష్‌లో డిగ్రీ చదవాలంటే 1887లో పుట్టిన నిజాం కాలేజీ ఉండేది. దానికి పరీక్షలు పెట్టింది మద్రాసు విశ్వవిద్యాలయం. 1947లో గానీ ఆ కాలేజీ ఉస్మానియా గొడుగు కిందకు రాలేదు. 1948 తర్వాత ఉర్దూ వెళ్లి ఇంగ్లిష్ వచ్చింది, ఆ తర్వాత తెలుగు మీడియం వచ్చింది, ఇప్పుడు మళ్లీ ఇంగ్లిష్. ఈ గదిలోని పిల్లల ముత్తాతలు కచేరీ కాగితం ఉర్దూలో చదివించుకున్నారు, అమ్మానాన్నలు బడికి వెళ్తే తెలుగులో వెళ్లారు. ప్రతి తరమూ మొదటి మెట్టు నుంచే ఎక్కాల్సి వచ్చింది.

సార్ వచ్చాడు. చేతిలో జిరాక్స్ కాగితాలు. ఒక్కొక్కరికీ ఒక్కో కాపీ, అటూ ఇటూ ముద్రించినవి. లైబ్రరీ బీరువాలో ఉన్న సంకలనం ఒకటే కాపీ కాబట్టి ఆ ఖర్చు ఆయన జేబుదే అయ్యుంటుంది.

“ఇయ్యాల గైడ్లు బంద్. సంచులల్ల పెట్టుండ్రి.”

“మొత్తం చదవాల్నా సార్?” వెనక నుంచి ప్రశ్న.

“ఎనిమిది స్టాంజాలు, ఒక్కోదాంట్ల పది. ఎనభై పాదాలూ చదువుదాం. మస్తు టైముంది.”

మొదట ఆయనే చదివాడు. అర్థం చెప్పలేదు, మధ్యలో ఆగలేదు. ఆయన ఇంగ్లిష్ లండన్ ఇంగ్లిష్ కాదు, ఈ జిల్లా ఇంగ్లిషే. అయినా ప్రతి పాదం చివర ప్రాస ఎక్కడ పడుతుందో గది అంతటికీ వినపడింది. ఒక్కో చరణంలో ఎనిమిదో పాదం మిగతావాటికంటే పొట్టిగా ఉంటుంది. అక్కడ గొంతు దానంతట అదే ఆగి మళ్లీ లేస్తుంది. మూడో చరణానికొచ్చేసరికి ఆ చిన్న పాదం దగ్గర పిల్లలు ముందే తల ఊపుతున్నారు. ఏ గైడూ చెప్పని సంగతిని వాళ్ల చెవులు పట్టేశాయి.

రెండోసారి పిల్లల వంతు. ఒక్కొక్కరు ఒక్కో చరణం. పాలిష్ యూనిట్ అబ్బాయికి మొదటిది వచ్చింది. ప్రతి మాటనూ బరువెత్తినట్టు ఎత్తి దించాడు. హెమ్లాక్ దగ్గర ఆగాడు.

“అది మొక్క. విషం” అన్నాడు సార్.

మన అమ్మాయి చెయ్యెత్తింది. “సోక్రటీసుకు ఇచ్చింది గదే గదా సార్? పొలిటికల్ సైన్స్‌ల ఉండె.”

“అదే అమ్మా. ఈయనకు ఆ విషం తాగినట్టు ఉందట. కానీ బాధతోటి గాదు. పిట్ట పాట విని సంతోషం ఎక్కువైపోయి.”

“సంతోషమైతే విషమెందుకు సార్?”

“చదువుదాం. ఎందుకో దొరకొచ్చు.”

మూడో చరణం దగ్గర సార్ కుర్చీలో కూర్చున్నాడు. ఇక్కడ కవి ఈ లోకం గురించి చెప్తాడు: జనం ఒకరి మూలుగు ఒకరు వింటూ కూర్చునే లోకం, పడుచువాడు పాలిపోయి, ఎముకల గూడై చచ్చిపోయే లోకం. గైడులో దీనికి ఒకే వాక్యం ఉంది, మానవ జీవితపు కష్టాల గురించి కవి విచారం వ్యక్తం చేశాడని. సార్ ఆ పడుచువాడెవరో చెప్పాడు.

కీట్స్ తమ్ముడు టామ్. క్షయ. అన్నే పక్కన ఉండి సేవ చేశాడు. 1818 డిసెంబరు 1న టామ్ పోయాడు. అప్పటికి పంతొమ్మిదేళ్లు నిండి రెండు వారాలే. ఆ మాటకు ముందు బెంచీలో ఒకమ్మాయి పెన్ను కింద పెట్టింది. ఈ గదిలో అందరిదీ అటూ ఇటుగా అదే వయసు. కీట్స్ తల్లినీ 1810లో అదే జబ్బు తీసుకుపోయింది. అతను లండన్ గైస్ హాస్పిటల్‌లో వైద్యం నేర్చుకున్నవాడు. 1820 ఫిబ్రవరిలో ఒక రాత్రి తాను దగ్గిన రక్తాన్ని కొవ్వొత్తి వెలుగులో చూసి, దాని రంగును బట్టి తన చావు ఖాయమని తనే తేల్చుకున్నాడు. మంచి గాలి కోసం వైద్యులు రోమ్‌కు పంపారు. అక్కడ తిండి తగ్గించారు, రక్తం తీశారు. 1821 ఫిబ్రవరి 23న ఇరవై అయిదేళ్ల వయసులో పోయాడు.

“గాలి కోసం పోయిండా సార్?” ఇంకో అమ్మాయి అడిగింది. “మా తాత గూడ గుట్ట మీద దవాఖానల ఉన్నడట. గాలి కోసమే అని మా నాయనమ్మ చెప్తది.”

గది మొత్తం కిటికీ వైపు తిరిగింది. కిటికీలోంచి కనపడేది వేపచెట్టే గానీ, అటువైపు అనంతగిరి ఉందని వీళ్లందరికీ తెలుసు. మూసీ నది పుట్టేది ఆ కొండల్లోనే. నిజాం కాలంలో అక్కడ క్షయరోగుల శానిటోరియం కట్టారు. అనంతగిరి గాలే లక్షల రోగులకు మందు అని ఇక్కడ ఉర్దూలో ఒక నానుడి ఉంది. జబ్బు కారకాన్ని రాబర్ట్ కాక్ 1882లో కనిపెట్టినా, పనిచేసే మందు స్ట్రెప్టోమైసిన్ దొరికింది 1943లో. అంతవరకూ ధనికుడికైనా పేదకైనా గాలి, ఎండ, విశ్రాంతి, అంతే. రోమ్‌లో అద్దెగదిలో ఇరవై అయిదేళ్ల కవికీ, అనంతగిరి వార్డులో పడుకున్న వికారాబాద్ రైతుకూ వైద్యశాస్త్రం చాలాకాలం ఒకటే మందు రాసిచ్చింది.

“ఇప్పుడు మూడోది మళ్లీ చదువమ్మా” అన్నాడు సార్, తాత సంగతి చెప్పిన అమ్మాయితో.

ఆమె చదివింది. మాటలు అవే, ఉచ్చారణ అదే. మొదటిసారి ఎవరో చదివినప్పుడు అది పరీక్ష పాఠం. ఇప్పుడు ఆమె ప్రతి పాదం చివరా ఆగి, ఊపిరి పీల్చుకుని, తర్వాతి పాదానికి వెళ్తోంది. ఆమెను ఎవరూ దిద్దలేదు.

మధ్యాహ్నం మామిడిచెట్టు కింద డబ్బాలు తెరిచారు. జొన్నరొట్టె, కందిపప్పు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పప్పు రుచి ఈ పిల్లలకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఒకతను ఫోన్లో నైటింగేల్ కూత వెతికి పెట్టాడు. సన్నగా మొదలై, గలగలమని జారి, ఉన్నట్టుండి ఆగి, కొత్త వరసలో మళ్లీ అందుకునే గొంతు. రెండు నిమిషాలు అందరూ రొట్టె నమలడం మానేసి విన్నారు. పైన పూతకొచ్చిన కొమ్మల్లోంచి కోయిల తన కూత తాను కూసింది.

సార్ కూడా అక్కడే కూర్చుని తిన్నాడు. అప్పుడు పాలిష్ యూనిట్ అబ్బాయి అసలు మాట బయటపెట్టాడు.

“ఇదంత బాగనే ఉంది సార్. పీజీకి హైదరాబాద్ పోతే మా ఇంగ్లిష్ విని నవ్వుతరు.”

“కీట్స్‌ను చూసీ నవ్విన్రు” అన్నాడు సార్. “ఆయన ఏ యూనివర్సిటీల చదవలే. వాళ్ల నాయిన గుర్రాల కొట్టం నడిపెటోడు. 1818ల బ్లాక్‌వుడ్స్ అని పెద్ద పత్రిక, మందులు కలుపుకునే పనికి తిరిగి పో అని రాసింది. ఆ రాసినాయనను ఇయ్యాల ఎవరు చదువుతున్నరు?”

తర్వాత ఆయన చెప్పిన సంగతి నాకు ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు. కీట్స్‌కు గ్రీకు రాదు. 1816 అక్టోబరులో ఒక రాత్రి, తన పాత హెడ్మాస్టర్ కొడుకు చార్లెస్ కౌడెన్ క్లార్క్ ఇంట్లో, హోమర్ కావ్యాలకు చాప్‌మన్ చేసిన పాత ఇంగ్లిష్ అనువాదం ఇద్దరి చేతికీ చిక్కింది. అది ఎరువు తెచ్చిన పుస్తకం. తెల్లవారేదాకా ఒకరికొకరు పైకి చదువుకున్నారు. కీట్స్ నడుచుకుంటూ తన గదికి వెళ్లాడు. పొద్దున పది గంటలకు క్లార్క్ టిఫిన్‌కు కూర్చునేసరికి, ఆ పుస్తకం మీద రాసిన సానెట్ బల్ల మీద ఉంది. ఒక ఎరువు పుస్తకం, పక్కన ఇంకో గొంతు. ఇరవై ఏళ్ల కుర్రవాడు కవి కావడానికి ఆ రాత్రి అవి సరిపోయాయి.

ఇంగ్లిష్ సాహిత్యం నగరంలో, పెద్ద క్యాంపస్‌లో, ఏసీ గదిలోనే పండుతుందని మనలో చాలామందికి లోపల ఒక నమ్మకం. చరిత్ర చూస్తే అలా కనపడదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లిష్ సాహిత్యానికి విడిగా డిగ్రీ వచ్చింది 1894లో. అప్పటికి ఎన్నో దశాబ్దాల ముందు నుంచే కలకత్తా, మద్రాసు కాలేజీల్లో మనవాళ్లు షేక్‌స్పియర్, మిల్టన్ చదివి పరీక్షలు రాస్తున్నారు. దొరలు తమ పెత్తనం నిలబెట్టుకోవడానికే ఆ చదువు పెట్టారన్నదీ నిజమే. అయినా చదివినవాళ్లు దాన్ని తమ అవసరానికి తిప్పుకున్నారు. ఈ పంక్తిలో వికారాబాద్ పిల్లలు ఆలస్యంగా వచ్చిన అతిథులేమీ కారు.

పైగా చిన్న కాలేజీకి ఒక బలం ఉంది. వందమంది ఉన్న క్లాసులో సార్ ఉపన్యాసం చెప్పగలడు గానీ అందరి చేతా చదివించలేడు. పదిమంది ఉన్న గదిలో ప్రతి గొంతూ వినొచ్చు. ఆ ఒక్క బలాన్నీ మనం గైడుకు అప్పజెప్పేస్తున్నాం. సెమిస్టర్ తరిగిపోతుంది, సిలబస్ పూర్తి కావాలి, గెస్ట్ లెక్చరర్‌కు వచ్చే ఏడాది కొలువు ఉంటుందో లేదో తెలియదు. ఇవన్నీ తెలిసీ చెప్తున్నాను: నాలుగు కవితల సారాంశాలు అప్పజెప్పే విద్యార్థికంటే ఒక్క కవితను మొదటి పాదం నుంచి చివరి పాదం దాకా చదివిన విద్యార్థి ఇంగ్లిష్ ఎక్కువ నేర్చుకుంటుంది. పీజీ ప్రవేశ పరీక్షకూ, రేపటి బడికీ, ఆమె సొంతానికీ పనికొచ్చేది ఆ ఒక్కటే.

మధ్యాహ్నం క్లాసు ఏడో చరణం. ధారూరులో ఎక్కిన అబ్బాయి వంతు. పిట్టకు చావు రాసిపెట్టలేదని, ఇదే కూతను పాతకాలపు చక్రవర్తులూ విన్నారు, పల్లెజనమూ విన్నారని, పరాయి చేలో కన్నీళ్లతో నిలబడిన రూతూ విని ఉంటుందని కవి అంటాడు. అతను రూతు పేరు దగ్గర ఆగాడు.

“ఈమె నాకు తెలుసు సార్.”

“చెప్పు మరి.”

పొద్దుట్నుంచీ నోరు విప్పని ఆ అబ్బాయి లేచి నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. మోయాబు దేశపు పిల్ల. మొగుడు పోయాడు. అత్త నయోమి తన ఊరికి తిరిగి పోతానంటే, నిన్ను విడిచి ఉండనని వెంట నడిచింది. బెత్లెహేములో ఎవరూ తెలియదు. కోతలప్పుడు బోయజు చేలో కూలీల వెనక పరిగె ఏరుకుంది. జాతరలో పాస్టరు గారు ఈ కథ చెప్పగా చిన్నప్పటి నుంచీ విన్నాడట.

“మా అమ్మ గూడ ఏరుతది సార్. కంది కోసినంక చేన్ల రాలినయి.”

గైడులో రూతు గురించి బైబిలులోని పాత్ర అని మాత్రమే ఉంది. ఇప్పుడామె ఈ గదిలో అందరికీ తెలిసిన మనిషి అయింది. కొత్త ఊరు, పరాయి చేను, వంగిన నడుము. ఆ నడుము ఎత్తి ఎక్కడి నుంచో వచ్చే పిట్ట కూత వింటున్న మనిషి.

మన అమ్మాయి కాగితం మీదికి వంగి ఏదో గీత గీస్తోంది. చెయ్యెత్తింది.

“సార్, ఒక డౌట్. పిట్ట చావదు అంటున్నడు. ఎట్ల చావదు సార్? పిట్ట మనకంటే ముందుగాల్నే చస్తది గదా.”

ఒకరిద్దరు నవ్వారు. సార్ నవ్వలేదు.

“గైడ్‌ల ఏముంది?”

“పిట్ట అమరత్వానికి ప్రతీక అని ఉంది.”

“చాలదా?”

“చాలదు సార్. మూడో స్టాంజాల తమ్ముడు నిజంగ చచ్చిపోయిండు. మరి ఏడోదాంట్ల పిట్టకెట్ల మాఫీ?”

పాలిష్ యూనిట్ అబ్బాయి వెనక బెంచీలోంచి ముందుకు వంగాడు. “పిట్ట గాదు సార్, పాట. గా మామిడిచెట్టు మీద కూసే కోయిల పోయినేడుది కాకపోవచ్చు. కూత అదే గదా. కవి దాన్ని అంటున్నడు.”

“గట్లంటే మనిషి గూడ చావడు” అంది ఆమె, అతని వైపు తిరిగి. “మా తాత పాడిన పాటలే మా నాయిన పాడ్తడు. మరి మనిషికి చావుందని మూడోదాంట్ల ఎందుకు ఏడ్చిండు?”

గది రెండు పక్షాలైంది. ఒకరి మాట మీద ఒకరు, తెలుగులోనూ ఉర్దూలోనూ, మధ్యమధ్య కాగితం మీద వేలుపెట్టి ఇంగ్లిష్ పాదం చదివి వినిపిస్తూ వాదించుకుంటున్నారు. పొద్దున రైల్లో కళ్లు మూసుకుని జవాబు వల్లె వేసిన అమ్మాయి ఇప్పుడు అరవయ్యొకటో పాదానికీ ఇరవయ్యారో పాదానికీ మధ్య కాగితం తిప్పుతోంది. కీట్స్ మీద పుస్తకాలు రాసిన పండితులు కూడా ఈ చరణం దగ్గర ఈ ప్రశ్నే వేసి, ఒకరితో ఒకరు విభేదించుకుంటూ వచ్చారు. ఆ పండితులెవరూ ఆమెకు తెలియదు. కవిత చేతిలో ఉంది కాబట్టి వాళ్లు నిలబడిన చోటికి ఆమె తనంతట తనే వచ్చి నిలబడింది.

సార్ ఎవరి పక్షమూ తీసుకోలేదు. “ఎనిమిదోది రేపు చూద్దాం. అప్పటికి మీ ఇద్దరిల ఎవరు మాట మారుస్తరో చూస్త” అని లేచి, బోర్డు తుడిచి, ఇంటర్నల్ పరీక్ష ప్రశ్న రాయడం మొదలుపెట్టాడు. ఏడో చరణంలో పక్షికి చావు లేదన్న మాటను మీరు ఒప్పుకుంటారా? మూడో చరణంతో కలిపి చర్చించండి.

“సార్” ధారూరు అబ్బాయి అడిగాడు, “ఒప్పుకోకపోతే మార్కులు పడతయా?”

“ఏ పాదం చూసి ఒప్పుకోలేదో నంబరెయ్యి. పడతయి.”